మంచం వాటా

మా తమ్ముడి ఆపరేషన్ ఫెయిలైందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అవనిగడ్డ బస్సులో పక్కన కూర్చున్నావిడ అన్నది. బంధువుల పెళ్ళిలో పంక్తిలో నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి అన్నాడు. "సొంత నరమే కోసి మోకాల్లో వేశారంటగా, అందుకే నిలవలేదు" అని ఇద్దరిదీ ఒకటే మాట. కాలు చూసింది లేదు, కట్టు విప్పింది లేదు, తీర్పు మాత్రం నాలుక చివర ఉంటుంది. ఎద్దు పుండు కాకికి నొప్పా? నిలవకపోవడానికి కారణం ఆ నరం కాదు. అసలు కారణం ఏమిటో నాకు తెలుసు, చెప్తాను. నా నోరు పెద్దదని మావాళ్ళంటారు. రేవులో పుట్టినదాన్ని, గాలికి ఎదురు మాట్లాడి అలవాటు.

నా పేరు సత్యశ్రీ. విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఎముకల ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మాది నాగాయలంక అవతల, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె. ఊరంతా వల మీదే బతుకుతుంది. తమ్ముడి పేరు సూర్యప్రకాష్, ఊళ్ళో అందరికీ ప్రకాష్. మా నాన్న నాగులు పడవ కింద పడి నడుం విరిగి మంచం పట్టినప్పుడు వాడు బడి మానేశాడు. నేను చదవాలి, వాడు వలకు పోవాలి అని ఇంట్లో ఎవరూ తీర్మానం చెయ్యలేదు. అలా జరిగిపోయింది. నేను బందరులో నర్సింగ్ చదువుకున్నంత కాలం నా కంచంలోకి వచ్చింది వాడి రెక్కల కష్టమే.

వాడు చేతికి అందివచ్చేదాకా మమ్మల్ని ఊరే సాకింది. మా ఊళ్ళో మంచం వాటా అని ఒక కట్టుబాటు ఉంది. వల పనిలో దెబ్బ తగిలి మనిషి మంచాన పడితే, అతను రేవుకి రాకపోయినా అతని వాటా చేపలు ఇంటికి పంపుతారు. మిగతావాళ్ళు ఒడ్డున నిలబడి అతని బదులు వల తాడు లాగుతారు, ఎవరూ గొణగరు. నాన్న పోయేదాకా మా పొయ్యి వెలిగింది దానివల్లే. కాబట్టి ఆ కట్టుబాటు మీద నేనేదో ఊరికే నోరు పారేసుకుంటున్నానని అనుకోవద్దు. దాని ఉప్పు తిని పెరిగినదాన్ని.

ప్రకాష్‌కి పేరొచ్చింది తాడు లాగడంలో కాదు, దూకడంలో. పడవ ఒడ్డుకొచ్చేటప్పుడు వెనకనుంచి అల తోస్తుంది. ముందు కొస మీద నిలబడినవాడు మోకు చేతబట్టుకుని దూకి, కాళ్ళు ఇసుకలో పాతి, పడవ అడ్డం తిరగకుండా ఆపాలి. తొందరపడితే లోతులో పడతాడు, ఆలస్యం చేస్తే పడవ మీదికొస్తుంది. వాడు ఎప్పుడు దూకేవాడో చూసేవాళ్ళకి తెలిసేది కాదు. చూసేసరికి నీళ్ళలో నిలబడి, మోకు భుజానికేసుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉండేవాడు. నాగలక్ష్మి వాణ్ణి చేసుకున్నది ఆ దూకుడు చూసేనని ఊళ్ళో వేళాకోళం చేసేవాళ్ళు. ఆ పిల్ల కాదని ఎప్పుడూ అనలేదు.

రెండువేల ఒకటిలో, వానలు వెనకబట్టాక, ఒకరోజు మామూలుగానే దూకాడు. కుడికాలు ఇసుకలో దిగబడింది. అదే సమయానికి అల పడవని పక్కకి కొట్టింది. ఒళ్ళు పడవతో పాటు తిరిగింది, కాలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. మోకాల్లో టప్పుమని చప్పుడైందట. పక్కవాళ్ళకి కూడా వినబడిందంటారు. అలల హోరులో ఎలా వినబడిందో నాకు తెలియదు, మావాళ్ళు చెప్పేదాంట్లో సగం కొట్టెయ్యాలి.

మోకాలు గుమ్మడికాయంత అయింది. కట్లు కట్టే ఆయన వచ్చి ఆముదం రాసి, వెదురుబద్దలు పెట్టి బిగించాడు. కొన్నాళ్ళకి వాపు తీసింది. వాపుని చూసి బలుపనుకున్నట్టు అని సామెత. మావాళ్ళు అంతకంటే ఘనులు, వాపు పోతే చాలు బలం వచ్చేసిందనుకుంటారు. వాడు కట్టు విప్పి పడవెక్కాడు. తిన్నగా నడిస్తే బాగానే ఉండేది, పక్కకి తిరిగితే మోకాలు చోటు తప్పి జారిపోయేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు కొస మీద ఇంకొకణ్ణి నిలబెడతారని భయం. చివరికి ఒకరోజు దూకినవాడు దూకినట్టే నీళ్ళలో కూలబడ్డాడు. పడవ వాడి మీదుగా పోయింది. జుట్టు దొరికింది కాబట్టి పైకి లాగారు.

ఆ మధ్యాహ్నం నాగలక్ష్మి నాగాయలంక ఎస్టీడీ బూత్ నుంచి ఆసుపత్రికి ఫోన్ చేసింది. "వదినా, మీ తమ్ముడు ఇయ్యాల చచ్చి బతికాడు. నువ్వొచ్చి తీసుకెళ్తావా, నన్ను తీసుకురమ్మంటావా?" అంది. ఏడవలేదు. తీసుకురమ్మన్నాను.

మా డాక్టర్ విశ్వేశ్వర్ గారి హస్తవాసి మంచిదని కృష్ణా జిల్లా అంతా పేరు. వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో కింది కాలిని ముందుకు లాగి చూశారు. మంచి మోకాలైతే కాస్త కదిలి టక్కున ఆగిపోతుంది. వాడిది ఆగలేదు, బల్ల సొరుగు లాగినట్టు వచ్చేసింది. మోకాలి మధ్యలో పై ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే తాడు లాంటి లిగమెంట్ ఉంటుంది. అది నిండా తెగితే తనంతట తాను అతకదు, పాతదాన్నే కుట్టినా నిలవదు. అందుకని మనిషి ఒంట్లోంచే కండని ఎముకకి పట్టి ఉంచే ఒక టెండన్, మావాళ్ళు నరమనేది, తీసి, మడతలు పెట్టి, ఎముకల్లో రంధ్రాలు చేసి ఆ చోట బిగిస్తారు. మోకాలిచిప్ప కిందిది తీస్తే మోకరించినప్పుడు నొప్పి మిగిలిపోవచ్చు, వల బాగుచేసుకునే మనిషికి అది కుదరదు అన్నారు డాక్టర్ గారు. తొడ వెనకనుంచి మోకాలి లోపలి పక్కకి దిగే సన్నటి టెండన్లు రెండు తీస్తానన్నారు.

మా అమ్మ దానమ్మ అడ్డం తిరిగింది. "తెగింది ఒకటి, కోసేది ఇంకోటా? ఉన్నది చెడగొట్టి లేనిది చేస్తాడా మీ డాక్టరు?" అని నన్ను అడగాల్సింది ఆయన్నే అడిగేసింది.

డాక్టర్ గారికి కోపం రాలేదు. "మాది ఉయ్యూరు పక్కన పల్లె అమ్మా, వరి నాట్లు చూస్తూ పెరిగాను. పీకి నాటిన నారు ముందు వాడుద్ది. ఆ తర్వాతే వేరు పట్టుకుని పచ్చబడుద్ది. మీ అబ్బాయి కాల్లో నేను పెట్టేది కూడా అంతే. తీసిన చోట కొద్దిగా బలం తగ్గినా పక్కనున్నవి ఆ పని అందుకుంటాయి. పెట్టిన చోట వేరు పట్టేదాకా మాత్రం దాని జోలికి వెళ్ళకూడదు" అన్నారు. తర్వాత ప్రకాష్ వైపు తిరిగారు. "మూడో నెలకి నీకు నొప్పుండదు, వాపుండదు, అంతా బాగైందనిపిస్తుంది. అసలు ప్రమాదం అప్పుడే. పైకి కాలు బాగుంటుంది, లోపల నరం ఇంకా మెత్తగా ఉంటుంది. తొమ్మిది నెలలు దాటి, నేను చూసి సరేననేదాకా పడవ లేదు, తాడు లేదు."

వాడు బుద్ధిగా తలూపాడు.

రెండువేల రెండు మొదట్లో ఆపరేషన్ అయింది. నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. బిగించాక డాక్టర్ గారు కాలు లాగి చూస్తే టక్కున ఆగింది. ఫెయిలైందనేవాళ్ళని ఆ రోజు అక్కడ నిలబెట్టి చూపించి ఉండాల్సింది. ఖర్చు సంగతి ఎత్తను, నేను పనిచేసే చోటు కాబట్టి ఎలాగో గట్టెక్కింది. ఊరికి పంపేటప్పుడు డాక్టర్ గారు మరోసారి చెప్పారు. మడమ కింద చుట్టిన దుప్పటి పెట్టి మోకాలు పూర్తిగా చాపాలి, మోకాలి కింద దిండు పెట్టకూడదు. ఆరువారాలకల్లా కర్ర పక్కన పడేసి నిటారుగా నడవాలి. కుంటుతూ ఉంటే ఆ కుంటే ఉండిపోతుంది, మోకాలు బిగుసుకుపోతుంది, తొడ చిక్కిపోతుంది.

నేను వారం వారం ఫోన్ చేసేదాన్ని. బూత్ ఆయన ఎవరినైనా పంపి వాణ్ణి పిలిపించేవాడు. ఎలా ఉందిరా అంటే "బెమ్మాండంగా ఉందక్కా" అనేవాడు. కర్ర వదిలావా అంటే "వదిలా" అనేవాడు. మూడో నెలలో సెలవు దొరికి నేనే వెళ్ళాను.

మిట్టమధ్యాహ్నం. ఇంటి తలుపు వేసి ఉంది, కిటికీకి చీర కట్టి ఉంది. లోపలికి వెళ్తే ప్రకాష్ ఆ చీకట్లో గోడ నుంచి గోడకి నడుస్తున్నాడు. కర్ర లేదు. నడక నిటారుగానే ఉంది. నన్ను చూసి నవ్వాడు. నాకూ సంతోషమేసింది. కాసేపయ్యాక, నాకు సోడా తెస్తానని లేచి, గుమ్మం దాటబోతూ మూలనున్న కర్ర అందుకున్నాడు. అందుకున్నాడో లేదో మోకాలు వంగింది, నడుం ఒరిగింది, ముసలివాడిలా కుంటుకుంటూ వీధిలోకి దిగాడు.

"ఇదేం వేషంరా?" అని వెనకనుంచి అరిచాను. వాడు వినబడనట్టు వెళ్ళిపోయాడు.

నాగలక్ష్మి తలుపు దగ్గరికి వేసి చెప్పింది. "మెల్లిగా, వదినా. ఊరోళ్ళు వింటారు. కర్ర వదిలిన చెయ్యి తాడు పట్టాలి. నీకు తెలవదా?"

నాకు తెలుసు. తెలిసే మర్చిపోయాను. మంచం వాటాకి రెండో సగం అదే. ఎవడైనా కర్ర లేకుండా వీధిలో నడిస్తే వాడు బాగయ్యాడని లెక్క. మర్నాటినుంచి రేవుకి రావాలి, రాకపోతే వాటా ఆగిపోతుంది. జ్వరానికీ, విరిగిన ఎముకకీ ఆ లెక్క సరిపోయింది. ఎముక అతికితేనే మనిషి నడుస్తాడు, నడిస్తే పనిచేస్తాడు. కానీ ఈ ఆపరేషన్‌లో నడక ముందొస్తుంది, బలం ఎంతో తర్వాతొస్తుంది. నడవకపోతే డాక్టర్ లెక్కలో కాలు చెడిపోతుంది, నడిస్తే ఊరి లెక్కలో తాడు పట్టాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని మా తమ్ముడు ఇంట్లో నిటారుగా, వీధిలో కుంటుతూ రెండు కాళ్ళ బతుకు బతుకుతున్నాడు.

వాడు రాగానే మంచం మీద పడుకోబెట్టి చూశాను. కుడి మోకాలి కింద నా నాలుగు వేళ్ళు దూరేంత సందుంది. ఎడమదానికి వేలు కూడా దూరడం లేదు. తొడ పుల్లలా ఉంది. వీధిలో నటించిన కుంటు ఇంట్లో నేర్చుకున్న నడకని తినేస్తోంది. దానికి తోడు మంచం మీద మోకాలి కింద మెత్తటి దిండు. "నొప్పి పుడతదని నేనే పెట్టా" అంది అమ్మ. ఆ దిండు తీసి దొడ్లోకి విసిరేశాను. అమ్మ ఇక నాతో మాట్లాడనంది. మాట్లాడకపోతే పోయింది.

అక్కణ్ణించి తిన్నగా రేవుకి వెళ్ళాను. జక్కయ్య మామ పడవ నీడన కూర్చుని ఉన్నాడు. ఊరికి పెద్ద, రేవు తగువులన్నీ ఆయన దగ్గరే తెగుతాయి. చెడ్డవాడైతే నాకింత కోపం ఉండేది కాదు. మా నాన్న శవాన్ని మోసినవాడు ఆయన.

"మావా, ప్రకాష్ కాలు లోపల ఇంకా పచ్చిగా ఉంది. తొమ్మిది నెలలదాకా తాడు పట్టకూడదు. వాణ్ణి కర్ర లేకుండా తిరగనియ్యి, వాటా ఆపొద్దు" అన్నాను.

"నడవలేడా?"

"నడవాలి. నడిస్తేనే బాగవుద్ది. లాగకూడదు, అంతే."

"నడిచే కాలు లాగకూడదంటే ఎట్టాగమ్మా? మీ నాన్న పడ్డప్పుడు లేవలేకపోయాడు, ఊరంతా చూసింది. ఈడి కాల్లో నరం వాడిందో పచ్చబడిందో నాకేం తెలుసుద్ది? రేపు ఇంకోడు నడుం లోపల నొప్పంటాడు, ఇంకోడు కడుపు లోపలంటాడు. ఆళ్ళ బదులు లాగేదెవరు?"

"డాక్టర్‌ని అడుగు."

"డాక్టరొచ్చి మన తాడు లాగుతాడా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ అల్లుడి మోకాలైతే ఇట్టాగే అంటావా?" అన్నాను.

"అంటానమ్మా" అన్నాడు. నిజమే, అనేవాడే. అదే నన్ను ఇంకా మండించింది. దుర్మార్గుడైతే తిట్టి పోవచ్చు. న్యాయం చేస్తున్నానని నమ్మేవాడి ముందు ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

నేను తగ్గకపోయేసరికి ఆయనే ఒక మెట్టు దిగాడు. "పోనీ, పడవ వద్దు. ముందు వరస వద్దు. తాడు తోక దగ్గర నిలబడమను. లాగిన తాడు చుట్టుకుంటా ఒడ్డునే ఉండొచ్చు. వాటా వాటాలాగే వచ్చిద్ది" అన్నాడు. పక్కవాళ్ళు దీనికంటే ఏం కావాలన్నట్టు చూశారు.

వద్దన్నాను. తోక దగ్గర నిలబడ్డా తాడు తాడే, ఇసుక ఇసుకే అన్నాను. అప్పుడు వెనకనుంచి "సరే మావా, వత్తా" అని వినబడింది. ప్రకాష్ ఎప్పుడు వచ్చాడో వచ్చి నిలబడ్డాడు. కర్రని పడవకి ఆనించి, దానివైపు చూడకుండా రెండడుగులు నిటారుగా వేశాడు.

వాణ్ణి పక్కకి లాక్కెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టాను. బుద్ధుందా అన్నాను. విజయవాడ వచ్చెయ్, నా ఇంట్లో ఉండు, కాలవగట్టున ఎంత కావాలంటే అంత నడు, అక్కడ నిన్ను చూసి లెక్కలేసేవాడెవడూ లేడన్నాను.

"మంచం వాటా మనిషి మంచాన ఉన్న ఇంటికేనక్కా. నేనక్కడుంటే ఈళ్ళేం తింటారు?" అన్నాడు. మళ్ళీ తనే, "నిజంగా కుంటాల్సొస్తే కుంటతా. లేని కుంటు నా వల్ల కావట్లా. నా బదులు లాగేది బసవయ్య. రోజూ ఆడి ముందు కర్రేసుకుని నిలబడాలంటే దొంగతనం చేసినట్టుంది. ఆడు కూడా ఏం అనడు, అదింకా సిగ్గు" అన్నాడు.

నా తమ్ముడికి అబద్ధం చేతకాదు. చేతనైతే ఈ రోజు వాడి కాలు మిగిలేది. నేనూ డాక్టర్ గారూ కలిసి వాడికి మోకాలు ఎలా చాపాలో నేర్పాం, ఆరు నెలలు సిగ్గులేకుండా ఎలా కుంటాలో నేర్పగలిగామా?

ఆ సాయంత్రమే బస్సెక్కాను.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. తోక దగ్గర నిలబడి తాడు చుట్టేవాడు. కర్ర పోవడంతో నడక కూడా బాగుపడింది, మోకాలు తిన్నగా చాపగలుగుతున్నానని ఫోన్‌లో చెప్పాడు. నేను భయపడుతూనే సంతోషించాను. తొలకరి వానలు పడ్డాక ఒకరోజు వల బరువుగా వచ్చింది. ముందు వరసలో ఒకతను పట్టు తప్పి జారాడు. తాడు వెనక్కి పరుగెత్తింది. అలాంటప్పుడు తాడు మీదున్న ప్రతివాడూ ఆలోచించకుండా మడమ ఇసుకలో తంతాడు. పుట్టినప్పటినుంచీ చేసే పని అది, డాక్టర్ మాట గుర్తొచ్చేలోపే కాలు ఆ పని చేసేస్తుంది. ప్రకాష్ కుడికాలు తన్నాడు. తాడు వాణ్ణి పక్కకి తిప్పింది. ఈసారి చప్పుడు ఎవరికీ వినబడలేదు. వాడికొక్కడికే తెలిసింది. అరవలేదట, తాడు వదల్లేదట, వల ఒడ్డుకి చేరాక కూర్చున్నాడట.

మళ్ళీ అదే బల్ల మీద పడుకోబెట్టారు. విశ్వేశ్వర్ గారు కాలు లాగారు. ఆగలేదు. ఆయన చెయ్యి తీసేశారు. "పోయింది సిస్టర్. రెండు ఎముకల మధ్య ఉండే మెత్త కూడా చిరిగింది. మీవాళ్ళకి ఎంత చెప్పినా వినరండీ. తొమ్మిది నెలలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను" అన్నారు.

ఆ ఆసుపత్రిలో అన్నేళ్ళుగా ఆయన ముందు గొంతెత్తి ఎరగను. ఆ రోజు ఎత్తాను.

"వాడు మీ మాట వినకపోవడం కాదు సార్. కర్ర వదిలెయ్యమన్నారు, వదిలాడు. మా ఊళ్ళో కర్ర వదిలితే తాడు పట్టాలి. పట్టకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మీరు తొమ్మిది నెలలన్నారు. ఆ తొమ్మిది నెలలు వీడు ఏం తింటాడని ఒక్కసారైనా అడిగారా?"

"మీ ఊరి సంగతి నాకెలా తెలుస్తుంది సిస్టర్?" అన్నారు ఆయన.

అక్కడ జక్కయ్య మామ కాలు లోపలి సంగతి నాకేం తెలుసుద్దన్నాడు. ఇక్కడ ఈయన ఊరి సంగతి నాకెలా తెలుస్తుందన్నారు. ఎవరికి వాళ్ళు వాళ్ళ లెక్కలో నిఖార్సైన మనుషులే. మధ్యలో తెగింది మా తమ్ముడి మోకాలు. ఆ మాటే అన్నాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. పోలేదు.

రెండో కాలి నుంచి టెండన్ తీసి మళ్ళీ వెయ్యొచ్చు, కానీ లోపల మెత్త చిరిగాక మొదటంత బాగా వస్తుందని హామీ ఇవ్వలేనన్నారు. ప్రకాష్ విని, "ఆ కాలైనా ఉండనియ్యక్కా" అన్నాడు. వాడి మాట కాదనే హక్కు నాకు లేదనిపించింది.

ఊరికి తీసుకెళ్ళిన మర్నాడు మంచం వాటా వచ్చింది. జక్కయ్య మామే స్వయంగా బుట్ట మోసుకొచ్చాడు. అప్పుడు నేను చేసిన గోల మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆడవాళ్ళు ఊరి కూటమిలో మాట్లాడరు. ఆ సాయంత్రం మాట్లాడాను. "కాలు బాగున్నప్పుడు తాడు లాగించారు, తెగాక చేపలు పంపుతారా? బతికున్నవాడికి పెట్టలేరు గానీ పిండం మాత్రం వేళకి పెడతారా?" అన్నాను. ఆ మాట అనకూడదని నాగలక్ష్మి నా చెయ్యి పట్టుకుని లాగింది. జక్కయ్య మామ తల వంచుకుని విన్నాడు. లేచి, "ఇకమీదట మోకాలు కోయించుకున్నోడికి, కర్ర ఉన్నా లేకపోయినా, డాక్టరు పడవెక్కమనేదాకా మంచం వాటా నడుస్తది" అన్నాడు. ఎవరూ కాదనలేదు. అంత తేలిక. ఒక్క మాట. అది మూడు నెలల ముందు అని ఉంటే చాలు.

విశ్వేశ్వర్ గారు కూడా మారారు. ఇప్పుడు మోకాలి ఆపరేషన్‌కి వచ్చిన ప్రతివాణ్ణీ "కర్ర వదిలితే నీచేత ఏం పని చేయిస్తారయ్యా?" అని అడుగుతారు. మైలవరం వైపునుంచి వచ్చిన రైతు ఒకాయన ఆ ప్రశ్నకి తెల్లబోయి నా వైపు చూశాడు. చెప్పవయ్యా, చెప్పు అన్నాను.

ప్రకాష్ కొన్నాళ్ళు మంచం వాటా తిన్నాడు. తర్వాత తనే వద్దన్నాడు. రేవులో చేపల వేలంపాట పెట్టే పని పట్టుకున్నాడు. గొంతు పెద్దది, మా ఇంటి గొంతు. బేరగాళ్ళని ఆటపట్టిస్తూ రేటు ఎక్కించడంలో వాడికి సాటి లేదు. తిన్నగా నడుస్తాడు, మెట్లెక్కుతాడు, కూతుర్ని సైకిల్ మీద బడికి దింపుతాడు. ఇసుకలో పక్కకి తిరగలేడు. నీళ్ళలోకి దిగడు.

రెండువేల అయిదులో బసవయ్యకి కూడా అదే దెబ్బ తగిలింది. అదే దూకుడు, అదే ఇసుక. ప్రకాష్ స్థానంలో ముందు కొస మీద నిలబడింది అతనే మరి. ప్రకాషే వెంటబెట్టుకుని విజయవాడ తీసుకొచ్చాడు. అదే డాక్టరు, అదే తొడ వెనక టెండను, అదే బల్ల. ఆరువారాలకి బసవయ్య కర్ర పడేసి ఊరంతా నిటారుగా తిరిగాడు. తిరుగుతూ ఉండగానే వాటా ఇంటికి వచ్చింది. ఎవరైనా వంకరగా చూస్తే ప్రకాష్ కోప్పడేవాడు. పొద్దునా సాయంత్రం వెళ్ళి, బసవయ్య మడమ కింద దుప్పటి పెట్టి, మోకాలు తిన్నగా అయ్యేదాకా నొక్కి కూర్చునేవాడు. ఏడాది దాటాక విశ్వేశ్వర్ గారు కాలు లాగి చూసి పడవెక్కమన్నారు.

బసవయ్య మళ్ళీ మొదటిసారి పడవెక్కిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. సగం ఊరు ఒడ్డున నిలబడింది. జక్కయ్య మామకి చూపు తగ్గింది, పక్కవాణ్ణి అడిగి తెలుసుకుంటున్నాడు. పడవ అల మీద వచ్చింది. బసవయ్య మోకు పట్టుకుని దూకాడు. కాళ్ళు ఇసుకలో పాతుకున్నాయి, పడవ తిరగబోయింది, అతను తిరగనివ్వలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా తమ్ముడు.

"చూశావా, నీ గోలవల్ల ఎంత మంచి జరిగిందో" అని ఎవరో నా భుజం తట్టారు. ఆ చెయ్యి విదిలించుకున్నాను. నా రెండు చేతులూ కొంగులోనే ఉన్నాయి.

ప్రకాష్ చూశాడు. దగ్గరికొచ్చి, నవ్వుతూనే, "ఏందక్కా, ఆడి కాలు మీద కుళ్ళా?" అన్నాడు.

"అవున్రా, కుళ్ళే" అన్నాను. "అది నీ కాలు కావాల్సింది."

వాడి నవ్వు ఆగిపోయింది. నీళ్ళకేసి తిరిగి, "నాకూ కుళ్ళేనక్కా" అన్నాడు.